దిగమన్నా.. దిగనక్కర్లేదు!

గాలిమోటరు నేల తాకే ముందు పైలట్‌కు, టవర్‌కు నడుమ ఏం మాటలు నడుస్తాయి?
ఒక్క అంకె తప్పు వినబడితే ఏమవుతుంది?

అల్లపల్లి: అంగడికి పోయేవాళ్లందరికీ ఎరుకైన ముచ్చటే ఇది. బేరం మరాఠీలో మొదలవుతుంది. నడుమ హిందీ వస్తుంది. పైసలు లెక్కపెట్టే వేళకు తెలుగులోకి దిగుతుంది. పక్కనే మాడియా గోండి మాట్లాడే అమ్మ గంప పెట్టుకుని కూర్చుని ఉంటుంది. అమ్మేవాళ్లు ‘సాఠ్’ అంటారు. కొనేవాళ్లకు ‘సాత్’ అని వినబడుతుంది. అరవైకి, ఏడుకు తేడా నాలుక మడతలోనే ఉంది. మరాఠీలో ‘పన్నాస్’ అంటే యాభై. కొత్తగా వచ్చిన తెలుగు చెవికి అది ‘పన్నెండు’ లెక్క తోస్తుంది. కాసేపు వాదులాట, ఆ తర్వాత నవ్వులు. చివరికి వేళ్లు చూపించి తేల్చుకుంటారు. సరిహద్దులో బతుకుతున్నోళ్లకు ఇది అలవాటే.

ఇదే తిరకాసు ఆకాశంలో వస్తే?

వచ్చింది. 1989 ఫిబ్రవరి 19 తెల్లవారుజాము. ఫ్లయింగ్ టైగర్ కంపెనీకి చెందిన బోయింగ్ 747 సరుకుల విమానం సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు వస్తోంది. దిగే సమయం దగ్గరపడింది. ‘రెండు వేల నాలుగు వందల అడుగులకు దిగండి’ అని చెప్పడం కంట్రోలర్ ఉద్దేశం. ఆయన ఇంగ్లిష్‌లో అంకెలను విడివిడిగా పలికారు.. ‘టు ఫోర్ జీరో జీరో’. ఇంగ్లిష్‌లో ‘టు’ అంటే రెండు. ‘ఫలానా ఎత్తుకు’ అనేటప్పుడు వచ్చే ‘కు’ కూడా ‘టు’నే. పైలట్లకు ఆ మొదటి మాట అంకెగా వినబడలేదు. ‘నాలుగు వందల అడుగులకు’ దిగమన్నట్టు వినబడింది. ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని తిరిగి చెప్పారు. టవర్‌లో ఆ తప్పు ఎవరూ పట్టుకోలేదు. నేల దగ్గరకొస్తోందని విమానంలోని యంత్రం అరిచింది. పైలట్లు దాన్నీ పట్టించుకోలేదు. విమానం కొండను ఢీకొట్టింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు.

విమానంలో ఏ లోపమూ లేదు. పైలట్లు కొత్తవాళ్లు కాదు. పోయింది ఒక్క అంకె.

మన నెత్తి మీది తొవ్వ

విమానాశ్రయమే లేని ఊళ్లో ఈ ముచ్చట ఎందుకని అనుకోవచ్చు. కానీ మ్యాప్ ముందేసుకుని హైదరాబాద్ నుంచి రాయపూర్‌కు ఓ గీత గీయండి. అది ప్రాణహిత, గోదావరి కలిసే చోటికి అటూఇటూగా దాటి, అల్లపల్లి అడవి పక్కనుంచే పోతుంది. టేకు చెట్ల పైన, మబ్బుల పైన సన్నగా వినబడే ఆ చప్పుడు ఎక్కడిదో కాదు. మన నెత్తి మీదే తొవ్వ ఉంది. పిల్లలు తల పైకెత్తి, ‘గాలిమోటరుకు తొవ్వ ఎట్ల తెలుస్తది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న చిన్నదేం కాదు.

ఇంకోటి. ఇక్కడి నుంచి విమానం ఎక్కాలంటే అటు నాగపూర్‌కో, ఇటు హైదరాబాద్‌కో పోవాలి. ఎస్టీ బస్సులో ఒళ్లు హూనం చేసుకుని అక్కడికి చేరి, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనబడుతున్నారు. చదువులకు పోయే పిల్లలు, వైద్యానికి పోయే పెద్దలు.. ఎవరి అవసరం వాళ్లది. దిగేటప్పుడు గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే ఆ కొద్ది నిమిషాల్లో ముందు గదిలో ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది.

ఆకాశంలోనూ సరిహద్దు

నేల మీద మనకు ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి సరిహద్దులు. నది దాటితే రాష్ట్రం మారుతుంది, బోర్డు మీద లిపి మారుతుంది. ఆకాశంలోనూ అంతే. దేశ గగనతలాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ప్రాంతాలుగా పంచారు. హైదరాబాద్ చెన్నై కిందికి వస్తుంది. నాగపూర్ ముంబయి కిందికి వస్తుంది. విమానం ఒక హద్దు దాటేటప్పుడు ఇవతలి కంట్రోలర్ దాన్ని అవతలి కంట్రోలర్‌కు అప్పగిస్తారు. ‘ఇకనుంచి ఫలానా ఫ్రీక్వెన్సీలో మాట్లాడండి’ అని పైలట్‌కు చెబుతారు. పైలట్ ఆ నంబరు తిరిగి చెప్పి, కొత్త గొంతును పలకరిస్తారు. దారి పొడవునా ఎవరో ఒకరి చేతిలో విమానం ఉండాల్సిందే.

నాగపూర్‌కు ఈ విషయంలో పాత చరిత్రే ఉంది. 1949లో రాత్రి విమానాల తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి వేళ నాగపూర్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు ఇచ్చిపుచ్చుకుని తెల్లారేలోపు ఎవరి దారిన వాళ్లు పోయేవారు. దేశానికి నడిబొడ్డున ఉన్న ఊరు కాబట్టి ఆ పని దానికి దక్కింది. నాలుగు దిక్కుల నుంచి వచ్చే విమానాలను ఒక్క చోట, చీకట్లో, ఒకదాని తర్వాత ఒకటి దించాలంటే మాటే ఆధారం.

ఒక్కో మెట్టూ దిగుతూ..

ముప్పై వేల అడుగులకు పైన పోతున్న విమానం ఒక్కసారిగా కిందికి రాదు. మెట్లు దిగినట్టు దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో మనిషి కాపలా ఉంటారు.

మొదట పెద్ద ప్రాంతాన్ని చూసే ఏరియా కంట్రోల్. అల్లపల్లి చౌరస్తాలో నిలబడి సిరొంచ బస్సు, భామ్రాగడ్ జీపు, చంద్రాపూర్ లారీ ఒకదానికొకటి తగలకుండా చూసే పోలీసు లాంటి పని అది. విమానాశ్రయం దగ్గరపడ్డాక అప్రోచ్ కంట్రోల్ చేతికి వస్తుంది. రాడార్ తెర మీద చుక్కల్ని చూస్తూ ‘ఎడమకు తిరగండి, వేగం తగ్గించండి, మూడు వేల అడుగులకు దిగండి’ అని వరుసలో నిలబెట్టేది వీళ్లే. ముందు పెద్ద విమానం పోతుంటే దాని వెనక గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడిలో చిన్న విమానం పడితే తిరగబడే ప్రమాదం ఉంది. అందుకే ఎడం పాటిస్తారు. చివరి మెట్టు టవర్. అద్దాల గదిలోంచి కళ్లతో రన్‌వేను చూసి, ఖాళీగా ఉందని తేల్చుకుని, గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో చెప్పి ‘దిగవచ్చు’ అంటారు. నేల తాకాక ఏ దారిన పోయి ఎక్కడ ఆగాలో చెప్పేది గ్రౌండ్ కంట్రోల్.

దిగే వాలు కూడా లెక్క ప్రకారమే. మామూలుగా అది 3 డిగ్రీలు. అంటే దాదాపు ఆరు కిలోమీటర్లు ముందుకు పోతే వెయ్యి అడుగులు కిందికి రావాలి. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనబడితే వాలు సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ తెల్లగా ఉంటే బాగా పైన ఉన్నట్టు. నాలుగూ ఎర్రగా ఉంటే బాగా కింద ఉన్నట్టు. మబ్బు, మంచు ఉన్నప్పుడు ఐఎల్‌ఎస్ అనే రేడియో వ్యవస్థ ఈ వాలును కాక్‌పిట్‌లో సూదులతో చూపిస్తుంది. అయినా మామూలు ఐఎల్‌ఎస్‌తో దిగేటప్పుడు నేలకు 200 అడుగుల ఎత్తు వచ్చేసరికి పైలట్ కళ్లకు రన్‌వే గానీ, దాని దీపాలు గానీ కనబడాలి. కనబడకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. ఆ ఎత్తు నుంచి నేలకు మిగిలేది పదిహేను సెకన్లు!

చెప్పింది తిరిగి చెప్పాల్సిందే

కంట్రోలర్ చెప్పిన మాట పైలట్ విన్నంత మాత్రాన సరిపోదు. ఎత్తు, దిశ, వేగం, రన్‌వే నంబరు, దిగేందుకు అనుమతి.. వీటిని అంకెతో సహా తిరిగి చెప్పాలి. దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు. పని అంతటితో అయిపోలేదు. పైలట్ తిరిగి చెప్పింది సరిగ్గా ఉందా లేదా అని కంట్రోలర్ వినాలి. తప్పుంటే అక్కడికక్కడే సరిచేయాలి. చెప్పడం, తిరిగి చెప్పడం, విని సరిచూడటం.. ఈ మూడూ పూర్తయితేనే మాట చేరినట్టు లెక్క. కౌలాలంపూర్‌లో తెగిపోయింది మూడో ముడి.

అంకెలు పలికే తీరు కూడా వేరు. ఇంగ్లిష్‌లో ‘ఫైవ్’, ‘నైన్’ రేడియో గరగరలో ఒకేలా వినబడతాయి. అందుకని తొమ్మిదిని ‘నైనర్’ అంటారు. అయిదును ‘ఫైఫ్’ అంటారు. మూడును ‘ట్రీ’ అంటారు. ఎత్తు చెప్పేటప్పుడు వేలు, వందలు విడమరిచి పలుకుతారు. మన సాత్-సాఠ్ గొడవకు వాళ్లు కనిపెట్టిన మందు ఇదే.

మాటలకూ లెక్క ఉంది. సినిమాల్లో వినబడే ‘రోజర్’ అంటే సరే అని కాదు. ‘మీరు చెప్పింది పూర్తిగా విన్నాను’ అని మాత్రమే. ‘విల్కో’ అంటే విన్నాను, చేస్తాను. ‘అఫర్మ్’ అంటే అవును. ‘నెగెటివ్’ అంటే కాదు. ‘సే ఎగైన్’ అంటే మళ్లీ చెప్పండి. ‘అనేబుల్’ అంటే నాకు సాధ్యం కాదు. మనలో చాలామంది వినబడకపోయినా నామోషీకి ‘ఆఁ.. ఆఁ..’ అని తలూపుతాం. దవాఖానాలో డాక్టరు చెప్పినా అంతే, ఆఫీసులో సారు చెప్పినా అంతే. ఆకాశంలో ఆ అలవాటు పనికిరాదు. ‘మళ్లీ చెప్పండి’ అనడం అక్కడ చిన్నతనం కాదు, పనిలో భాగం.

ఒక్క మాట పలకక..

1990 జనవరి 25 రాత్రి. కొలంబియా నుంచి న్యూయార్క్‌కు వచ్చిన ఏవియాంకా విమానాన్ని వాతావరణం బాగోలేదని ఆకాశంలోనే గంటకు పైగా తిప్పారు. ఇంధనం తరిగిపోతోంది. కెప్టెన్ స్పానిష్‌లో చెబితే, కో-పైలట్ దాన్ని ఇంగ్లిష్‌లో టవర్‌కు చేరవేస్తున్నారు. ‘ఇంధనం అయిపోతోంది’ అన్నారు. ‘ప్రాధాన్యం ఇవ్వండి’ అన్నారు. ‘ఎమర్జెన్సీ’ అన్న మాట మాత్రం అనలేదు. ఆ మాటో, ‘మేడే’ అన్న పిలుపో వినబడితే కంట్రోలర్ మిగతా విమానాలన్నిటినీ పక్కకు జరిపి దారి ఇస్తారు. వినబడలేదు కాబట్టి మామూలు వరుసలోనే ఉంచారు. మొదటిసారి దిగబోయి కుదరక పైకి లేచారు. రెండోసారి చుట్టు తిరిగి వచ్చేలోపు ఇంజిన్లు ఆగిపోయాయి. విమానంలోని 158 మందిలో 73 మంది చనిపోయారు. చెప్పాల్సిన సంగతి చెప్పారు. చెప్పాల్సిన మాటతో చెప్పలేదు.

అంతకుముందు 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. అక్కడా అనుమతి వచ్చిందని ఒకరు, రాలేదని ఇంకొకరు అనుకున్నారు. ఆ తర్వాత ‘టేకాఫ్’ అన్న మాటను అసలైన అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని వెనక్కు తీసుకునేటప్పుడో తప్ప రేడియోలో వాడకూడదని కట్టడి చేశారు. భాష సరిగా రాకపోవడం వల్ల జరుగుతున్న నష్టం చూసి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2008 నుంచి పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టింది. ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి ఉండాలి. షేక్‌స్పియర్ చదవాలని కాదు, చెప్పింది తప్పులేకుండా అర్థం కావాలని.

అనుమతే.. ఆజ్ఞ కాదు

ఇక్కడే చాలామందికి తెలియని అసలు సంగతి ఉంది. టవర్ ‘దిగవచ్చు’ అంటే పైలట్ దిగి తీరాలని కాదు. రన్‌వే ఖాళీగా ఉంది, మీకు అడ్డులేదని దాని అర్థం. దిగాలా వద్దా అన్న చివరి నిర్ణయం కెప్టెన్‌ది. వేగం ఎక్కువైనా, ఎత్తు ఎక్కువైనా, గాలి వెనక నుంచి తోస్తున్నా, మనసుకు అనుమానం తగిలినా ‘గో ఎరౌండ్’ అని పైకి లేచిపోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. టవర్‌కు ఆ తర్వాత చెప్పినా సరిపోతుంది.

ఈ చిన్న మాట సమయానికి పలకక, పలికినా వినక మన దేశంలో రెండుసార్లు ఘోరం జరిగింది.

2010 మే 22. దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగుతోంది. కెప్టెన్ ప్రయాణంలో గంటకు పైగా నిద్రపోయారని, దిగేటప్పుడు విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉందని విచారణలో తేలింది. టవర్ అనుమతి ఇచ్చింది. కో-పైలట్ ‘గో ఎరౌండ్’ అని మూడుసార్లు అన్నారు. కెప్టెన్ వినలేదు. 8,033 అడుగుల రన్‌వే మీద 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. గుట్ట మీద కట్టిన రన్‌వే అది. విమానం అంచు దాటి లోయలో పడింది. 166 మందిలో ఎనిమిది మందే బతికారు.

పదేళ్లకు, 2020 ఆగస్టు 7న కేరళలోని కోజికోడ్‌లో అదే కథ. అదీ గుట్ట మీది రన్‌వేనే. కరోనా కాలంలో దుబాయి నుంచి మనవాళ్లను తీసుకొస్తున్న విమానం. కెప్టెన్ దీపక్ సాఠే వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసిన అనుభవజ్ఞుడు. ఆయన తల్లిదండ్రులు ఉండేది మన విదర్భలోనే, నాగపూర్‌లో. జోరు వాన. మొదటిసారి దిగబోతే అద్దం మీది వైపర్ సరిగా పనిచేయలేదు. పైకి లేచారు. అది మంచి నిర్ణయమే. రెండోసారి ఇంకో వైపు నుంచి వచ్చారు. అటు వస్తే వెనకగాలి. 2,700 మీటర్ల రన్‌వేలో దాదాపు సగం అయిపోయాక విమానం నేలను తాకింది. కో-పైలట్ అఖిలేశ్ కుమార్ ‘గో ఎరౌండ్’ అన్నారు. విమానం ఆగలేదు, పైకీ లేవలేదు. అంచు దాటి కిందపడి ముక్కలైంది. పైలట్లు ఇద్దరితో సహా 21 మంది చనిపోయారు. నిబంధనల ప్రకారం పైకి లేవాల్సింది, లేవలేదని 2021లో వచ్చిన దర్యాప్తు నివేదిక చెప్పింది. తప్పు ఒక్క మనిషిది అని వదిలేయలేదు. వ్యవస్థలోని లోపాలూ కారణమేనని రాసింది.

రెండు చోట్లా టవర్ ‘దిగవచ్చు’ అంది. రెండు చోట్లా చిన్నవాడు వద్దన్నాడు. పెద్దవాడి మాటే నెగ్గింది.

పెద్దోళ్ల మాటకు ఎదురు చెప్పొద్దని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి నేర్పుతాం. మంచిదే. కానీ కాక్‌పిట్‌లో దీన్ని తిరగేసి నేర్పాల్సి వస్తోంది. చిన్నవాడు గొంతు పెంచి చెప్పాలి, అవసరమైతే విమానం పగ్గాలు తన చేతిలోకి తీసుకోవాలి. పెద్దవాడు దాన్ని అవమానం అనుకోకూడదు. దీనికోసం పైలట్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇస్తున్నారు. ‘గో ఎరౌండ్’ చేసినందుకు పైలట్‌ను సంజాయిషీ అడగకూడదని నియమం పెట్టుకున్న సంస్థలున్నాయి.

విన్న చెవి కాపాడింది

రేడియోలో ఇంకో విశేషం ఉంది. ఫోన్‌లా ఇద్దరి మధ్యే నడిచే మాట కాదది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న పైలట్లందరికీ వినబడుతుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మీట నొక్కితే కీచుమన్న శబ్దమే మిగులుతుంది. అందుకే ఎవరి వంతు వచ్చేదాకా వాళ్లు ఓపిక పడతారు, పక్కవాళ్ల మాటా వింటుంటారు.

2023 ఆగస్టు 23న ఢిల్లీలో ఇది ప్రాణాలు నిలిపింది. అహ్మదాబాద్ నుంచి వచ్చి దిగిన విస్తారా విమానాన్ని పక్క రన్‌వే దాటి వెళ్లమన్నారు. అదే సమయంలో ఆ రన్‌వే మీద అదే సంస్థకు చెందిన బాగ్‌డోగ్రా విమానానికి ఎగిరేందుకు అనుమతి ఇచ్చేశారు. దిగిన విమానంలోని మహిళా కెప్టెన్ ప్రమాదాన్ని గమనించి వెంటనే కంట్రోలర్‌ను హెచ్చరించారు. ఎగరబోయే విమానాన్ని ఆపేశారు. టవర్ చెప్పింది కదా అని కళ్లు మూసుకుని దాటి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అలాగని టవర్ మాట లెక్క చేయొద్దని కాదు. పైలట్‌కు తన విమానమే కనబడుతుంది. కంట్రోలర్‌కు ఆకాశమంతా కనబడుతుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కంట్రోలర్ కజకిస్థాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమంటే, అది ఇంకా కిందికి దిగి, 14,000 అడుగుల దగ్గర ఉన్న సౌదీ విమానానికి ఎదురుపడింది. అక్కడ మాట వినకపోవడమే ప్రాణం తీసింది. మాట సరిగ్గా వినాలి. చేయలేనిదైతే చేయలేమని వెంటనే, స్పష్టంగా చెప్పాలి. ఊరుకోవడం మాత్రం కూడదు.

మన హెలిప్యాడ్ల దగ్గర

గడ్చిరోలి జిల్లాలో గాలిలోంచి దిగే వాహనం అంటే ముందుగా గుర్తొచ్చేది హెలికాప్టరే. ఎన్నికలొస్తే ఎటపల్లి, భామ్రాగడ్, సిరొంచ వైపు అడవి పోలింగ్ కేంద్రాలకు సిబ్బందిని హెలికాప్టర్లలో చేరవేస్తారు. 2024 ఏప్రిల్ 19న జరిగిన లోక్‌సభ పోలింగ్‌కూ అలాగే చేరవేశారు. గాయపడినవాళ్లను, అత్యవసర రోగులను నాగపూర్‌కు తరలించేదీ హెలికాప్టరే. అడవి హెలిప్యాడ్ దగ్గర అద్దాల టవర్ ఉండదు, రాడార్ ఉండదు. గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ సంచో, పొగ గుర్తో ఆధారం. కింద నిలబడ్డవాళ్లు జనాన్ని, పశువులను దూరంగా ఉంచాలి. ఎగిరిపోయే కవర్లు, గుడ్డలు తీసేయాలి. హెలికాప్టర్ తోక వైపుకు ఎవరూ పోకూడదు. దిగేందుకు వచ్చి, నచ్చక మళ్లీ పైకి లేచి ఓ చుట్టు తిరిగితే ‘పైలట్‌కు చాతకాలే’ అని నవ్వొద్దు. ఆయన తన పని సరిగ్గా చేస్తున్నట్టే.

విమానంలో ఉంటే..

* దిగుతున్న విమానం ఒక్కసారిగా హోరుమంటూ పైకి లేస్తే కంగారు పడొద్దు. అది ‘గో ఎరౌండ్’. చక్రాలు లోపలికి పోయే చప్పుడు వస్తుంది. పైలట్లు ఆ సమయంలో పనిలో ఉంటారు కాబట్టి మైకులో సంగతి చెప్పడానికి కాసేపు పట్టవచ్చు.
* ఆకాశంలో చుట్లు తిరుగుతుంటే వరుసలో వంతు కోసం ఆగినట్టు. విమానంలో అందుకు అదనపు ఇంధనం పోసుకునే బయలుదేరతారు.
* రేడియో పూర్తిగా చెడిపోయినా దారి ఉంది. టవర్ నుంచి దీపం చూపిస్తారు. ఆగకుండా వెలిగే పచ్చ దీపం అంటే దిగవచ్చు. ఆగకుండా వెలిగే ఎర్ర దీపం అంటే ఇంకొకరికి దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండాలి.
* దిగేటప్పుడు సీటు నిటారుగా, బెల్టు బిగించి, కిటికీ తెర పైకెత్తి ఉంచమనేది ఊరికే కాదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఎగిరేటప్పుడు, దిగేటప్పుడే.

మన పిల్లలకూ దారుంది

టవర్‌లో కూర్చునే ఉద్యోగం గాలిలోంచి ఊడిపడేది కాదు. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు పరీక్ష పెట్టి తీసుకుంటుంది. భౌతికశాస్త్రం, గణితంతో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చదివి ఉండాలి. మామూలుగా వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. రాత పరీక్షతో పాటు గొంతు పరీక్ష కూడా ఉంటుంది. మాట ఎంత స్పష్టంగా వినబడుతుందో చూస్తారు. పైలట్ కావాలంటే ఖర్చు చాలా ఎక్కువ. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. రేడియోలో మాట్లాడేందుకు వేరే లైసెన్సు తెచ్చుకోవాలి. శిక్షణ కోసం దూరదేశాలే పోనక్కర్లేదు. విదర్భలోనే గోండియా దగ్గర బిర్సిలో శిక్షణ సంస్థ ఉంది. అటు హైదరాబాద్ బేగంపేటలోనూ ఉంది.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, అడవిలో మాడియా.. సరిహద్దు పిల్లలకు ఒక సంగతి పుస్తకం తెరవకముందే తెలుసు. తాను అన్నదే ఎదుటివాళ్లకు వినబడిందని అనుకోకూడదు. అడిగి తేల్చుకోవాలి. అంగడిలో అమ్మ చేసేదీ అదే కదా. ‘సాఠ్ అన్నవా? ఆరు పదులా?’ అని వేళ్లు చూపించి అడిగి, అవతలి మనిషి తలూపాకే కొంగుముడి విప్పుతుంది.